పెద్ద కుక్క, చిన్న కుక్క, ఒకే గడప

ఇంట్లో లాబ్రడార్ ఉండగానే, పిల్లల పోరు పడలేక ఒక పామరేనియన్‌నో షిట్జూనో తెచ్చుకున్న ఇళ్లు ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా కనిపిస్తాయి. ఒక్కోచోట వరస తిరగబడుతుంది. ఏళ్ల తరబడి సోఫా ఏలుతున్న పామరేనియన్ దగ్గరికి, ఎవరో బదిలీ మీద వెళ్తూ అప్పగించిన జర్మన్ షెపర్డ్ వచ్చి చేరుతుంది. చుట్టాలు అడిగే మొదటి మాట, "రెండూ కొట్టుకోవా?" అని. ఇంటివాళ్లు మురిసిపోతూ ఫోన్ తీసి, రెండూ ఒకదాని మీద ఒకటి తల వాల్చి నిద్రపోతున్న ఫొటో చూపిస్తారు. ఫొటో అబద్ధమేమీ కాదు, చాలా ఇళ్లలో అవి నిజంగానే కలిసిపోతాయి. కాని ఒకటి ముప్పై కిలోలు, రెండోది మూడు కిలోలు. కోపతాపాలు లేకపోయినా ఆ బరువు చాలు ప్రమాదానికి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అనడానికి ఇంతకన్నా సరిపోయే చోటు లేదు.

ఇంత తేడా ఉన్నవి ఒకే జాతి జంతువులు కావడమే వింత. చివావా మూడు కిలోలు దాటడం తక్కువ. ఇంగ్లిష్ మాస్టిఫ్ ఎనభై, తొంభై తూగుతుంది. ఈ తేడాలో పెద్ద వాటా ఐజీఎఫ్-1 అనే ఒక్క జన్యువుదని 2007లో తేలింది. కుక్కను చిన్నది చేసే ఆ జన్యు రూపం యాభై వేల ఏళ్లకు పైబడిన సైబీరియా తోడేలులోనూ ఉందని 2022లో బయటపడింది. ఒడ్డూ పొడుగూ ఎంత మారినా వాటి సైగలు మాత్రం మారలేదు. ముందు కాళ్లు వంచి, వెనక భాగం పైకెత్తి "ఆటకు రా" అని పిలవడం చివావాకీ తెలుసు, గ్రేట్ డేన్‌కీ తెలుసు. చిక్కల్లా మనం వాటి ఆకారాలతో చేసిన ప్రయోగాల వల్ల వచ్చింది. షిట్జూ కళ్ల మీద జుట్టు పడుతుంది, పగ్ ముఖం అణిగి ఉంటుంది, తోక ఎప్పుడూ చుట్టుకునే ఉంటుంది. ఎదుటి కుక్క దేన్ని చూసి దాని మనసు తెలుసుకోవాలి? షిట్జూ కళ్ల ముందు జుట్టు కత్తిరించడం అలంకారం కిందికి రాదు, భద్రత కిందికే వస్తుంది.

పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి సాకడం నగరాలు కనిపెట్టిన ముచ్చటేం కాదు. టిబెట్‌లో మాస్టిఫ్‌ను వాకిట్లో కట్టేసి కాపలా పెట్టేవారు. లాసా ఆప్సో లోపల తిరిగేది. అలికిడిని పసిగట్టి లోపలివాళ్లను లేపడం చిన్నదాని పని, వచ్చినవాడిని ఆపడం పెద్దదాని పని. హంగరీ పశువుల కాపరులు పగలు మంద తోలడానికి చురుకైన పూలీని, రాత్రి తోడేళ్ల నుంచి కాపాడటానికి భారీ కొమొండోర్‌ను నమ్ముకున్నారు. ఈ పద్ధతుల్లో నాకు నచ్చేది, స్నేహం చేయమని ఆ కుక్కల్ని ఎవరూ బలవంతపెట్టలేదు. చోటు వేరు, వేళ వేరు, పని వేరు. కలవాల్సినప్పుడు కలిసేవి. (గొలుసు సంగతి మాత్రం మనం తీసుకోనక్కర్లేదు. రోజంతా కట్టేసిన కుక్కకు చిరాకు పెరుగుతుందే కాని బుద్ధి రాదు.)

మన కొల్లేరు పరిసరాల్లో జోనంగి కుక్కలున్నాయి. పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు. వేటకు పేరుపడ్డ ఈ జాతినే బాతుల పెంపకందారులు మందలు తోలడానికి వాడుకున్నారు. నోటికందే బాతును ముట్టకుండా తోలడం ఎలా సాధ్యం? వేటలో ఒక వరస ఉంటుంది: చూపు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, కరిచి చంపడం. మంద తోలే కుక్కలో ఈ వరస తరమడం దగ్గరే ఆగిపోతుంది. తరతరాలుగా అలాంటి పిల్లల్నే ఏరుకుంటూ, చిన్నప్పటి నుంచి మంద మధ్య తిప్పుతూ సాధించిన సంగతి అది. మన డ్రాయింగ్ రూములో ఉన్న హస్కీకో ముధోల్ హౌండ్‌కో ఆ ఎంపిక జరగలేదు. రాజపాళయం, ముధోల్ లాంటివి పరుగెత్తేదాన్ని పట్టడానికే పుట్టిన కుక్కలు. తెల్లటి బొచ్చు ఉండ ఒకటి కీచుమంటూ సోఫా కిందికి పరుగెత్తితే, ఆటలో ఉన్న కుక్కకు ఒక్క క్షణం అది తన తోడు కుక్కలా కనిపించకపోవచ్చు. వరసలో తర్వాతి మెట్టు తనంతట తనే వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి ఒకే కంచంలో తిన్నంత సఖ్యంగా ఉన్న జంటల్లోనూ ఇది జరుగుతుంది. "మా టైసన్ అలాంటివాడు కాదండీ" అనే మాటకు నేను పెద్ద విలువ ఇవ్వను.

ఆ తర్వాతి దృశ్యం పశువైద్యులకు బాగా తెలుసు. చిన్న కుక్కను తువ్వాలులో చుట్టి తెస్తారు. మెడ దగ్గర బొచ్చు తప్పించి చూస్తే రెండు చిల్లులు, ఒక్కోటి మినప గింజంత, నెత్తురు కూడా పెద్దగా ఉండదు. ఇంట్లో అప్పటికే పసుపు అద్దేసి ఉంటారు. కుక్క చర్మం వదులుగా ఉంటుంది కనక, పెద్దది పట్టి విదిలించినప్పుడు చర్మం కదిలిపోయి తట్టుకుంటుంది, దాని కింద కండ మాత్రం నలిగి ఊడిపోతుంది. పక్కటెముకలు విరగవచ్చు, ఛాతీలోకి గాలి చేరవచ్చు. అందుకే గాటు ఎంత చిన్నదైనా అదే రోజు ఎక్స్‌రే తీయించాలి. పగ్, షిట్జూల విషయంలో కరవడం దాకా కూడా పోనక్కర్లేదు. వాటి కంటి గుంతలు లోతుండవు కాబట్టి, ఆటలో పెద్దదాని పంజా తగిలినా కనుగుడ్డు బయటికి రావచ్చు. అప్పుడు శుభ్రమైన తడిగుడ్డ కప్పి, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. కన్ను దక్కుతుందా లేదా అన్నది ఆ కాసేపటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక పరిచయం. కొత్త కుక్కను సరాసరి హాల్లోకి తెచ్చి "ఇదిగో నీ తమ్ముడు" అని ముక్కుకు ముక్కు ఆనించడం మన ఇళ్లలో మామూలు. పాత కుక్కకు మాత్రం అది తన ఇంటి మీద పడిన దాడి. మొదటి కలయిక రెండింటిదీ కాని చోట జరగాలి: వీధి చివర ఖాళీ స్థలమో, జనం లేని వేళ పార్కో. ఒక్కో కుక్కకు ఒక్కో మనిషి. ముప్పై నలభై అడుగుల ఎడం ఉంచి, ఒకే దిక్కుకు, పక్కపక్కన నడిపించాలి. ఎదురెదురుగా వద్దు, కుక్కల మర్యాదలో అది కయ్యానికి కాలు దువ్వడమే. లీష్ వదులుగా ఉండాలి. మీ చేయి బిగిస్తే ఆ బిగువు తాడు వెంట దాని మెడకు చేరుతుంది. పెద్దది నేల వాసన చూస్తూ, ఒళ్లు దులుపుకుంటూ, మీ వైపు తల తిప్పుతూ ఉందంటే ఎడం కొద్దిగా తగ్గించవచ్చు. చెవులు నిక్కి, నోరు మూసి, చూపు చిన్నదాని మీదే గుచ్చినట్టు నిలిచిపోతే వెనక్కి తగ్గాలి. నడక బాగా సాగాక ఒకదాని వెనక భాగాన్ని మరొకటి రెండు మూడు సెకన్లు వాసన చూడనిచ్చి, పిలిచి, చిన్న చికెన్ ముక్క పెట్టి మళ్లీ నడవాలి. ఇది ఒక్క పూటలో తేలిపోవచ్చు, వారాలు పట్టవచ్చు. చిన్నదానికి మెడ బెల్టు కాక బాడీ బెల్టు వేయాలి. పామరేనియన్, యార్క్‌షైర్ టెరియర్ల శ్వాసనాళం మెత్తనిది, మెడ లాగితే దగ్గు మొదలవుతుంది.

ఇంటి లోపల నేను చెప్పేది ఒక్కటే: గేటు. రెండు గదుల మధ్య నడుమెత్తు గ్రిల్ గేటు, అది కూడా చువ్వల సందులోంచి చిన్నది దూరిపోగలిగి, పెద్దదాని భుజాలు పట్టనంత ఎడంతో. పారిపోవడానికి దారి ఉన్న చిన్న కుక్క అనవసరంగా మీదికి లేవదు. ఇంట్లో మనిషి లేనప్పుడు రెండూ తలుపులు మూసిన వేర్వేరు గదుల్లో ఉండాలి. ఇందులో మినహాయింపులు పెట్టుకోవద్దు. అన్నం గిన్నెలు వేరు గదుల్లో, తిన్నాక ఖాళీ గిన్నెలు తీసేయాలి. ఆదివారం మటన్ ఎముకలు పోట్లాటకు మొదటి కారణం, పైగా ఉడికించిన ఎముక పగిలి పేగుల్లో గుచ్చుకుంటుంది. రెండింటికీ పెట్టకపోవడమే మేలు.

తగవు ఎక్కువసార్లు మొదలుపెట్టేది చిన్నదే. దానికీ కారణం మనమే. లాబ్రడార్ గుర్రుమంటే ఇల్లంతా లేచి అరుస్తుంది, పామరేనియన్ పాదం కరిస్తే "బుజ్జిది, ఏం చేస్తుందిలే" అని నవ్వుతారు. చిన్న కుక్కల యజమానులు నియమాల్లో నిలకడ తక్కువ చూపుతారని, ఆ కుక్కలు మాట వినడం కూడా తక్కువని 2010లో వియన్నాలో చేసిన సర్వేలో తేలింది. పెద్దది తన పడక మీద ఉండగా చిన్నది వెళ్లి ముక్కు కొరకడం, నోట్లోది లాక్కోవడం చూసి ముచ్చటపడేవాళ్లు, పెద్దది ఎంతసేపు ఓర్చుకుంటుందని ఎప్పుడూ లెక్క వేయరు. గుర్రుమన్నందుకు పెద్దదాన్ని కొట్టే అలవాటు మరీ చేటు. గుర్రుమనడం హెచ్చరిక, దాన్ని మాన్పిస్తే హెచ్చరిక పోతుంది, కరవడం ఉంటుంది. చీటికీమాటికీ చంకనెత్తుకోవడం కూడా తగ్గాలి. చంకలో ఉన్నది ధైర్యంగా మొరుగుతుంది, కింద ఉన్నది దాన్ని అందుకోవాలని ఎగురుతుంది, మధ్యలో మీ చేయి ఉంటుంది.

పోట్లాట జరిగితే చేతులు నోళ్ల మధ్య పెట్టకండి. బకెట్ నీళ్లు కుమ్మరించడం, దుప్పటి విసరడం, స్టీలు పళ్లెం నేలకేసి కొట్టడం ముందు చేయాల్సినవి. ఇద్దరుంటే ఒకరు పెద్దదాని వెనక కాళ్లు రెండూ ఎత్తి వెనక్కి నడవాలి. కాని పళ్లు దిగి ఉన్నప్పుడు లాగితే గాయం చీరుకుంటుంది, పట్టు వదిలేదాకా ఆగాలి. మనిషికి పన్ను దిగితే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, ఇంటి కుక్కే కదా అనుకోకుండా, టీకా సంగతి డాక్టర్‌ను అడగాలి.

పిల్లలు పుట్టే సంగతి చాలామందికి తట్టదు. పెద్ద మగది, చిన్న ఆడది ఒకే ఇంట్లో ఉండి, ఆడది ఎదకు వస్తే మూడు వారాలు కాపలా కాయడం ఎవరి తరమూ కాదు. తల్లి కటిఎముక ఇరుకు, పిల్లలు దానికి మించిన సైజులో పెరగవచ్చు. అప్పుడు సిజేరియన్ లేకుండా బయటపడటం కష్టం. సంతానం వద్దనుకుంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ముందే చేయించడం సులువు.

కొన్ని జంటలకు ఇవేవీ పనిచేయవు. నెలలు గడిచినా పెద్దది చిన్నదాన్ని చూసి బిగుసుకుపోయి, చొంగ కారుస్తూ, పిలుపుకు పలక్కుండా ఉంటే, వాటి మధ్య మూసిన తలుపు ఇక ఎప్పటికీ ఉండాల్సిందే. ఉదయం ఒకదానికి హాలు, సాయంత్రం మరోదానికి. అలా పూటలవారీగా వాడుకుంటూ కుక్కల్ని నిండు వయసు దాకా సాకిన ఇళ్లున్నాయి. అంత ఓపిక, అన్ని గదులు లేనివాళ్లు చిన్నదాన్ని నమ్మకమైన మరో ఇంటికి ఇవ్వడమే మంచిది, అదీ మొదటి గాయం తగలకముందే.