అభ్యసన శైలులా, కొత్త వర్ణాలా?

బి.ఇడి. గైడు తెరిచినా, టెట్ మెటీరియల్ తెరిచినా అభ్యసన సిద్ధాంతాల పాఠంలో ముందుగా ఎదురయ్యేది జంతువులే. థార్న్‌డైక్ పిల్లి, పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. ఆ చింపాంజీకి సుల్తాన్ అని పేరు సైతం ఉంది. చింపాంజీకి దక్కిన పేరు మాల పిల్లకు, మాదిగ పిల్లగాడికి మాత్రం ఆ పాఠంలో దక్కలేదు. టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసం, అధ్యాపన శాస్త్రానివే. ఈ ముప్పై మార్కులు బట్టీ కొట్టుడు, పరీక్ష కాంగనే మరిచిపోవుడు అని చాలామంది టీచర్లే నవ్వుతూ చెబుతారు. సిద్ధాంతం మరిచిపోవచ్చు గాని, దాని నీడ క్లాసురూములో మిగిలే ఉంటుంది. ‘వీడు చేత్తో చేసే రకం’, ‘ఈమెకు లెక్కలు ఎక్కవు’ అన్న మాటల్లో ఉండేది ఆ నీడే. అది ఎవరి పిల్లల మీద పడుతున్నదో చర్చకు పెట్టాలనుకుంటున్నాం.

ఆ గైడ్లలోనే ‘అభ్యసన శైలులు’ అని ఒక అధ్యాయం ఉంటుంది. కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారట. కొందరు విని, కొందరు చదివి రాసి, మరికొందరు చేత్తో చేసి, ఒంటిని కదిలించి నేర్చుకుంటారట. న్యూజిలాండ్ అధ్యాపకుడు నీల్ ఫ్లెమింగ్ 1992లో ఈ నాలుగు రకాల వర్గీకరణను ప్రచారంలోకి తెచ్చాడు. పిల్లవాడి శైలి కనిపెట్టి అందుకు తగ్గట్టు చెబితే చదువు బాగా ఎక్కుతుందన్నది ఇందులోని వాదన. వినడానికి ఎంతో ప్రజాస్వామికంగా ఉంటుంది. పిల్లలందరూ ఒకే తీరుగా ఉండరన్న మాటను ఎవరు కాదంటారు? అందుకే మన ఉద్యమ మిత్రులు, పిల్లల మీద ప్రేమ ఉన్న టీచర్లు కూడా దీన్ని ప్రగతిశీల భావనగానే తీసుకున్నారు.

అసలు ఈ వాదనకు రుజువుందా? 2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్, ఆయన సహచరులు ఇలాంటి శైలి నమూనాలను లెక్క తీస్తే 71 తేలాయి. 71 రకాల శైలులంటే శాస్త్రం కంటే అంగడి ఎక్కువని అర్థం. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పరిశీలించారు. శైలిని బట్టి పాఠం చెప్పాలనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ‘చూసే’ పిల్లలకు చూపించి చెబితేనే ఎక్కువ రావాలి, ‘వినే’ పిల్లలకు వినిపిస్తేనే ఎక్కువ రావాలి. అప్పుడే ఆ సిద్ధాంతం నిలుస్తుంది. వాళ్లు అడిగిన రుజువు అదే, దొరకనిదీ అదే. పిల్లలకు ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఒకరికి బొమ్మలు ఇష్టం, ఒకరికి పాట ఇష్టం. ఇష్టం వేరు, నేర్చుకునే శక్తి వేరు.

రుజువు లేని ఈ మాట మన దగ్గర ఎందుకింత తేలిగ్గా పాతుకుపోయింది? మనుషుల్ని ‘రకాలు’గా చూడడం ఈ నేలకు కొత్త కాదు గనుక. 1936 నాటి ‘కుల నిర్మూలన’లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఒక తేడా ఎత్తి చూపారు. కులం శ్రమను విభజించి ఊరుకోదు, శ్రామికులనే విభజిస్తుందన్నారు. పుట్టుకతో మనిషికొక స్వభావాన్ని అంటగట్టి, ఆ స్వభావానికొక పనిని అంటగడుతుంది. అభ్యసన శైలుల సిద్ధాంతం కులం కోసం పుట్టలేదు, ఆ మాట మేము అనడం లేదు. కులం ఉన్న సమాజంలోకి వచ్చిపడగానే అది కులం అచ్చులోకే దిగిందంటున్నాం. ‘చేత్తో నేర్చుకునే రకం’ అనే చీటీ కరణం మనవడి నొసట అతికించడం మేమెన్నడూ చూడలేదు. అది ఎప్పుడూ వాడ పిల్లల మీదికే వస్తుంది. చదివి రాసే రకమేమో అగ్రహారంలోనే పుడుతుంది! నాలుగు వర్ణాలు పోయి నాలుగు శైలులు వచ్చాయి. మెట్లు మాత్రం అవే.

‘చేతిపని’ అంటే ఏమిటో నిజంగా తెలుసుకోవాలంటే ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు కల్లాలకు రండి. వానకాలం మొదట్లో వేసిన పసుపును దాదాపు తొమ్మిది నెలలకు తవ్వుతారు. కొమ్ము వేరు చేస్తారు, మండ వేరు చేస్తారు. రెండింటినీ కలిపి ఉడికించరు, మండకు ఎక్కువసేపు పడుతుంది. ఉడుకు తక్కువైతే పసుపు పెళుసుబారుతుంది, ఎక్కువైతే రంగు చెడుతుంది. పాత కడాయి అయినా, ఇప్పటి స్టీమ్ బాయిలర్ అయినా ఎప్పుడు దించాలో తెలిసిన మనిషి పక్కన ఉండాల్సిందే. ఆ మనిషి నురగ చూస్తుంది, వాసన పడుతుంది, వేలితో నొక్కి చూస్తుంది. రెండు వారాలు ఎండిన కొమ్మును విరిచి, ఆ చప్పుడును బట్టి ఎండిందో లేదో చెబుతుంది. ఇందులో కన్ను ఉంది, చెవి ఉంది, ముక్కు ఉంది, చెయ్యి ఉంది. అన్నింటి వెనక పోలిక, అంచనా, తీర్పు ఉన్నాయి. దీన్ని ఏ శైలి కింద రాస్తారు? చేతిపని అంటే తల లేని పని అని ఎవరు చెప్పారు?

ఇదే జిల్లాలో చిందు భాగవతం బతికింది. 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ లాంటి కళాకారులు చిన్ననాటి నుంచే ఆటలో పెరిగారు. చిందు ఆటలో పద్యం చెవితో పడుతుంది, అడుగు కంటితో పడుతుంది, తాళం ఒంటితో పడుతుంది, కథ అర్థం బుద్ధితో పడుతుంది. వీటిని విడదీసి ఒక్కొక్కటి ఒక్కో ‘రకం’ పిల్లకు పంచితే ఆటే ఉండదు. దళిత కళలు వందల ఏండ్లుగా ఆడి చూపింది ఇదే. నేర్చుకోవడం ముక్కలు కాదు.

మరి కల్లంలో, అంగట్లో ఇంత తెలివి చూపే పిల్లలు బడిలో లెక్క ఎందుకు తప్పుతారు? ఈ ప్రశ్నకు బయటి దేశాల్లో కొంత పని జరిగింది. బ్రెజిల్‌లోని రెసిఫే నగర వీధుల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లల మీద జరిగిన అధ్యయనం 1985లో అచ్చయింది. గిరాకీల్లా వెళ్లి బేరంలో లెక్క అడిగితే ఆ పిల్లలు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే సరైనవి 37 శాతమే. 2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, ఎలిజబెత్ స్పెల్కి తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను పరిశీలించి ఇలాంటి ఫలితమే ప్రకటించారు. అయితే వాళ్లు ఇంకో సంగతి కూడా చూశారు. బజారు అనుభవం లేని బడిపిల్లలు పుస్తకం లెక్క చేయగలిగారు గాని బజారు లెక్క దగ్గర చతికిలబడ్డారు. అంటే లోపం ఒక్క వైపుది కాదు. రెండు జ్ఞానాల మధ్య వంతెన లేదు. వంతెన కట్టడం టీచరు పని. వంతెన లేని తప్పును మాత్రం ఒక వైపు పిల్లల మీదే వేస్తున్నారు.

ఈ వంతెన గురించే మేము గట్టిగా చెప్పదల్చుకున్నది. పిల్లవాడి శ్రమ దగ్గర పాఠం మొదలుపెట్టడం బోధన. అక్కడే ఆపేయడం కులం. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఉడికి ఎండితే సుమారు ఒక క్వింటాలు అవుతుంది. ఈ సంగతి ఆర్మూర్ పిల్లలకు కొత్తగా చెప్పనక్కర లేదు. పన్నెండున్నర క్వింటాళ్లకు ఎంత అంటే రెండున్నర అని నోటితోనే చెబుతారు. టీచరు ఇక్కడ శభాష్ అని ఆగిపోతే ఆ పిల్ల పసుపు దగ్గరే ఉంటుంది. ‘ఎంత పచ్చి పసుపుకైనా చెప్పాలంటే ఎట్ల?’ అని అడిగి, ఆ తెలియనిదానికి ఎక్స్ అని పేరు పెట్టించి, గ్రాఫు మీద గీత గీయించి, ఈ గీతే వడ్డీకి, వేగానికి కూడా వస్తుందని చూపితే ఆ పిల్ల బీజగణితంలోకి అడుగు పెట్టినట్టు. అమూర్త జ్ఞానం మన పిల్లల హక్కు. వేల ఏండ్లు మనకు మూసిపెట్టింది ఆ తలుపునే.

ఇది ఉత్త భయం కాదు. 1953లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె బడుల్ని సగం పూటకు కుదించింది. మిగిలిన సగం పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నది. పేరుకు సవరించిన ప్రాథమిక విద్య. పెరియార్, ద్రావిడ ఉద్యమకారులు దాన్ని కులవిద్యా పథకమని సరిగ్గానే పిలిచారు. 1954లో రాజాజీ గద్దె దిగాక కామరాజ్ దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలు పది రోజులు సంచి లేకుండా స్థానిక వృత్తికారుల దగ్గర నేర్చుకోవాలంటున్నది. రెడ్ల పిల్లలు, కోమట్ల పిల్లలు, బాపన పిల్లలు వచ్చి చెప్పు కుట్టుడు, పసుపు ఉడికించుడు నేర్చుకుంటామంటే మాకు సంతోషమే. తోలు పని తోలు పని వాళ్ల పిల్లలకే మళ్లీ ‘వాళ్ల శైలి’ పేరుతో అప్పజెబితే ఒప్పుకోం.

ఉత్పత్తి కులాల జ్ఞానం పాఠ్యపుస్తకాల్లో లేదని కంచ ఐలయ్య ‘నేను హిందువు నెట్లయిత’లో చేసిన వాదనతో మాకు పేచీ లేదు. దానికి ఒక మాట కలుపుతున్నాం. మన జ్ఞానం పుస్తకంలోకి పోవాలి, పుస్తకంలోని జ్ఞానం మన వాడకు రావాలి. ఒకటి ఇచ్చి ఇంకొకటి ఎగ్గొట్టే బేరం చెల్లదు.

అభ్యసన సిద్ధాంతాలన్నీ పారేయమని కూడా మేము అనడం లేదు. రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగోత్‌స్కీ 1934లో చనిపోయాడు. ఆయన చెప్పిన ఒక మాట మనకు ఆయుధం లాంటిది. పిల్ల ఒంటరిగా ఏం చేయగలదో చూసి ఊరుకోవద్దు, తెలిసినవాళ్లు చేయూతనిస్తే ఏం చేయగలదో చూడాలన్నాడు. గైడ్లలో దీన్ని సామీప్య వికాస మండలం అని రాసి, కింద బిట్టు ప్రశ్న ఇచ్చి వదిలేస్తారు. దాని అసలు అర్థం వాడలోకి వచ్చి చూడండి. ఉద్యోగస్తుల ఇంట్లో ఆ చేయి అమ్మది, నాన్నది, ట్యూషన్ సారుది. బీడీలు చుట్టే తల్లి, పసుపు తవ్వే తండ్రి ఉన్న ఇంట్లో ఆ చేయి పనికి పోయింది. పరీక్షలో ఇద్దరినీ ‘ఒంటరిగా’ కూర్చోబెట్టి కొలుస్తారు. ఒకరి మార్కుల్లో ఇల్లంతా ఉంటుంది. ఇంకొకరి మార్కుల్లో ఒక్క పిల్లే ఉంటుంది. పైగా పసుపు తవ్వకం జనవరి నుంచి మార్చి దాకా, సరిగ్గా పదో తరగతి పరీక్షల ముందే. వానాకాలం చదువు అని మనకు ఒక మాటుంది. ఇక్కడ పసుపుకాలం చదువు అనాలె. బడికి రాని రోజులను తెలివి లేని రోజులుగా లెక్క రాయడం అన్యాయం.

వాడ పిల్లలకు అమూర్త ఆలోచన రాదనేవాళ్లకు 1855 నాటి జవాబు ఒకటుంది. పూణేలో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తా సాల్వే అప్పటికి 14 ఏండ్ల మాంగ్ బాలిక. మన మాదిగల్లాగే మాంగులు అక్కడ అంటరాని వాళ్లు. మాంగ్, మహర్ల దుఃఖం మీద ఆమె రాసిన వ్యాసం జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మా మతమేది అని అందులో నిలదీసింది. తన దుఃఖం దగ్గర మొదలుపెట్టి మతం, హక్కు అనే భావనల దాకా తర్కాన్ని లాక్కుపోయింది. ఆమె శైలి ఏమిటని సావిత్రిబాయి అడిగి ఉంటే మనకు ఆ వ్యాసం దక్కేదా?

ఈ చర్చ మన సొంత చదువుకూ సంబంధించినదే. హాస్టల్ విద్యార్థులు, సంఘాల స్టడీ సర్కిళ్లలోని మిత్రులు ‘నేను వింటేనే నేర్చుకుంట, చదివితే ఎక్కదు’ అంటుంటారు. బయటివాడు అతికించిన చీటీని మనమే జేబులో పెట్టుకుంటున్నాం. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి 2006లో చేసిన ప్రయోగాలు చూడండి. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. పుస్తకం మూసి, తమకు తాము గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. స్టడీ అవర్లో పుస్తకం ముందు ఊగుతూ కూర్చోవడం కంటే, పుస్తకం మూసి పక్క దోస్తుకు చెప్పి చూడటం మేలు. ఒక్క రాత్రి నాలుగు గంటలు కూర్చునే కంటే నాలుగు రోజులు గంట చొప్పున చదవడం మేలు. దీనికి శైలి అక్కర లేదు, కులం అక్కర లేదు, డబ్బు అంతకన్నా అక్కర లేదు. కావలసింది టైము, కూర్చునే చోటు, వినే ఒక మనిషి. ఈ మూడూ దళిత విద్యార్థికి దొరికేట్టు చూడడం సంఘాల పని కావాలి.

టీచర్లను మేము అడుగుతున్నది ఇదీ. పిల్లను చూసి రకం రాయకండి. ఆ పిల్లకు ఇప్పటికే ఏం తెలుసో అడగండి, అక్కడి నుంచి ఎంత దూరమైనా తీసుకుపొండి. బి.ఇడి., టెట్ సిలబస్ రాసేవాళ్లను అడుగుతున్నది శైలుల అధ్యాయం తీసేయమని. దాని చోట ఫూలేల బడినీ, కల్లంలోని లెక్కనూ, ఇంట్లో చేయూత లేని మొదటి తరం చదువరి సంగతినీ పెట్టమని.

2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ఆర్మూర్ ప్రాంతం ఎన్నో ఏండ్లు కొట్లాడి సాధించుకున్నదది. రేపు ఆ పసుపును ప్రయోగశాలలో పరీక్షించేది ఎవరు, ధర రాసేది ఎవరు, బస్తా మోసేది ఎవరు? తవ్వి, ఉడికించి, ఎండబెట్టిన ఇండ్ల పిల్లలు బస్తా దగ్గరే ఆగిపోతే ‘అది వాళ్ల శైలి’ అని సమాధానం చెప్పుకుంటారా? ఆ జవాబును ఇప్పటి క్లాసురూములోనే తిరగరాయాలి.