లారీ డోరు చెప్పే రంగు

‘మిగ్-21 పచ్చకి నంబరు చెప్పండి సార్, మిర్యాలగూడ పెయింట్ షాపులో మిషన్ మీద కలిపించుకుంటా’ అని ఈ వారం ఓ పాఠకుడు అడిగాడు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో ఆ విమానానికి వీడ్కోలు పలికాక దాని మోడల్ చేసుకోవాలన్న మోజు పుట్టడం మంచిదే. కానీ నంబరు మాట ఎత్తగానే ఒళ్లు మండింది. షేడ్‌కార్డు భక్తి మీద నా గొడవ ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఏ మిగ్, ఏ ఏడాదిది, ఏ స్క్వాడ్రన్‌ది అని తేల్చుకోకుండా రంగెలా తేలుతుంది? 1963లో మనకు వచ్చినప్పుడు అవి వట్టి లోహం మెరుపుతోనే ఉండేవి. 1971 యుద్ధమప్పుడు హడావుడిగా పచ్చ, మట్టి రంగులు పూశారు. ఒకదాని మచ్చలు ఇంకోదానితో కలవవు. ఆ పైన మన మిగ్‌లలో ఎక్కువభాగం నాసిక్ హెచ్‌ఏఎల్‌లో తయారైనవి. చివర్లో మిగ్-21 బైసన్ రకం విమానాలు బూడిద రంగుకు మారాయి. ఇన్నిటికీ కలిపి ఒక్క నంబరు ఎక్కడి నుంచి తేవాలి?

పైగా పూసిన రంగు పూసినట్టు ఉండదు. సూర్యాపేట దగ్గర హైవే పక్కన ఆగిన పాత లారీని చూడండి. క్యాబిన్ టాపు వెలిసిపోయి, చెయ్యి పెడితే పొడి అంటుకుంటుంది. డోరు తీస్తే బందుల దగ్గర మాత్రం మొదటి రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. విమానానికీ అంతే, రెక్కల పైభాగం, వెన్ను ముందు వెలుస్తాయి, కడుపు కింద రంగు ఆలస్యంగా పోతుంది. మోడల్ చిన్నది కాబట్టి, మధ్యలో గాలి రంగును పలచబరుస్తుంది కాబట్టి తెలుపు కలపాలని కొందరంటారు. 1:72 మోడల్‌ను అడుగు దూరం నుంచి చూడటమంటే అసలు విమానాన్ని 72 అడుగుల నుంచి చూసినట్టు. సూర్యాపేట సద్దుల చెరువు కట్ట మీద 72 అడుగుల అవతలి మనిషి చొక్కా పాలిపోయి కనిపిస్తుందా? తెలుపు కలపాల్సిందే గానీ, దానికి కారణం ఎండ. ఇక విశాఖ ఆర్కే బీచ్‌లో 2017 డిసెంబర్ నుంచి టీయూ-142 విమానం ఉంది కదా, కోదాడలో రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి రష్యన్ రంగు కళ్లారా చూసి రావచ్చు కదా అని ఇంకో వాదన. వెళ్లండి. ఆకారం, రివెట్ల వరసలు చూసి నేర్చుకోండి. రంగు విషయంలో మాత్రం దాన్ని సాక్షిగా నిలబెట్టకండి. ప్రదర్శనకు నిలిపిన విమానాలకు తుప్పు పట్టకుండా మళ్లీ మళ్లీ రంగు వేయడం ఎక్కడైనా మామూలే.

అయితే నంబర్లన్నీ చెత్తబుట్టలో పారేయమంటారా అంటే, ఇక్కడ నా వాదన నాకే అడ్డం తిరుగుతోంది. లారీ డోరు బందుల్లాంటి చోటు మిగ్‌లోనూ ఒకటుంది: కాక్‌పిట్. మిగ్-21 బిస్ నాటికి అక్కడ నీలం కలిసిన లేత పచ్చ వేసేవారు, పైలట్ కళ్లు అలసిపోకూడదని. స్క్వాడ్రన్‌లో బయట పచ్చ పూసిన చెయ్యి లోపలికి పోదు. పైన అద్దమే కదా, ఎండ పడదా అంటే, నేల మీద నిలిపినప్పుడు గుడ్డ కప్పుతారు. పక్క గోడల మీద నీడే ఎక్కువ. ఫొటో చూసి కలుపుదామా అంటే ఒక కెమెరా దాన్ని నీలంగా, ఇంకో కెమెరా పచ్చగా చూపిస్తుంది. కాబట్టి మోడల్ రంగుల కంపెనీలు సోవియట్ కాక్‌పిట్ రంగని పేరు రాసి అమ్మే చిన్న సీసా కొనాల్సిందే, ఖరీదైనా సరే. 1:72లో అది గోరంత చోటు, సీసా ఏళ్ల తరబడి వస్తుంది. బయటి పచ్చకు మిర్యాలగూడ ఎనామెల్ 50 మి.లీ. డబ్బా చాలు. రెండు చుక్కల తెలుపు, ఆరాక పైన మ్యాట్ వార్నిష్. ఆ ఎనామెల్ మెరుపు చంపకపోతే ఎంత సరైన పచ్చ అయినా ప్లాస్టిక్ బకెట్టులాగే ఉంటుంది.