పుష్పవిలాపం, గబ్బిలం: రెండు కరుణలు

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలుదారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే అక్కడి బౌద్ధ స్తూపం తవ్వించి ధాతు కరండాలు, అంటే అవశేషాల పేటికలు, వెలికితీశాడు. వాటి మీది బ్రాహ్మీ రాతలు క్రీస్తుకు పూర్వపువి. అంటే, కరుణే ప్రాణమైన బుద్ధబోధ ఈ డెల్టా నేలకు చాలా పాత చుట్టం. ఇప్పుడు బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా ఇంట్లో వినిపించే మాట జాలి, చర్చిలో వినిపించేది కనికరం. కరుణ మాత్రం కవుల వంతుకొచ్చింది.

కరుణ అనే మాటకు అర్థాలు రెండు. ఎదుటివారి దుఃఖానికి సజ్జనుల గుండెను కంపింపజేసేది కరుణ అని 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో వివరించాడు. భరతుడి నాట్యశాస్త్రంలోనేమో కరుణరసానికి స్థాయీభావం శోకం. ఒకటి మనిషిని కదిలిస్తుంది, మరొకటి కరిగిస్తుంది.

గుంటూరు జిల్లా కొమ్మూరులో 1912లో పుట్టిన జంధ్యాల పాపయ్యశాస్త్రి ఈ మాటనే కలం పేరు చేసుకుని కరుణశ్రీ అయ్యారు. ఆయన పుష్పవిలాపంలో పూజకు పూలు కోయబోయినవాడికి పువ్వే తన గోడు చెప్పుకుంటుంది. విన్నవాడు కోయలేక వట్టి చేతులతో తిరిగొస్తాడు. ఘంటసాల గొంతులో ఆ పద్యాలు విని కంటతడి పెట్టని ఊరు మా ప్రాంతంలో ఉండదు. ఆ కన్నీటిని నేను తక్కువ చేయను. వినగానే చెయ్యి ఆగింది, అది పెద్ద విషయమే.

వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1941లో గబ్బిలం కావ్యం తెచ్చారు. ఇక్కడ గోడు చెప్పుకునేది అంటరానివాడని వెలివేసిన మనిషి. తనకు ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్ళగలదు కాబట్టి, తన మాట శివుడికి చేర్చమని దాన్ని వేడుకుంటాడు. వేడుకోలులా మొదలైనా అది అభియోగమే. పువ్వును కాపాడటానికి ఒక్క మనిషి మనసు మారితే చాలు. ఇతడికి అది చాలదు, గుడి తలుపే తెరుచుకోవాలి. నా తూకంలో జాషువా కరుణే బరువైనది, ఎందుకంటే అది న్యాయం అడుగుతుంది.

కుంతీకుమారి పద్యాల్లో మాత్రం కరుణశ్రీ జాషువాకు బాగా దగ్గరగా వచ్చారు. పసిబిడ్డను ఏటిలో వదిలే ఆ కన్నెతల్లి దుఃఖం వెనక లోకనింద ఉంది. ఆ పద్యాలు విన్నప్పుడు నాకు జాలి ఒక్కటే కలగదు, ఆ లోకం మీద కోపమూ వస్తుంది.