అమ్మే చేతులు, రాసే చేతులు

ఇల్లులేనివాని గురించి మన సాహిత్యంలో కథలకూ కవితలకూ కొదవలేదు. ఆ కథ అచ్చయిన పత్రిక ఇల్లులేనివాని చేతికి ఎన్నడైనా చేరిందా అన్నది వేరే ప్రశ్న. వస్తువునూ శిల్పాన్నీ తర్కించినంతగా మన విమర్శకులం, పత్రిక ఎవరి చేతుల మీదుగా నడుస్తుందో ఆలోచించలేదు. వీధి పత్రికల గురించి చదువుతుంటే నాకు మొదట తట్టింది ఈ లోపమే.

1989లో న్యూయార్క్‌లో 'స్ట్రీట్ న్యూస్' వెలువడింది. దాని స్ఫూర్తితో 1991లో లండన్‌లో జాన్ బర్డ్, గోర్డన్ రాడిక్ 'బిగ్ ఇష్యూ' ప్రారంభించారు. పద్ధతి తేలిక. నిరాశ్రయుడు పత్రికను సగం ధరకు కొని పూర్తి ధరకు అమ్ముకుంటాడు, మిగిలింది అతనిది. అమ్ముడుపోని ప్రతుల నష్టమూ అతనిదే. ఇది బిచ్చం కాదు, వ్యాపారం అంటారు నిర్వాహకులు. 2020లో కరోనా వచ్చి వీధి అమ్మకం ఆగిపోయినప్పుడు, ఆ వ్యాపారం ఎంత సన్నని దారం మీద వేలాడుతున్నదో తెలిసివచ్చింది.

పెట్టుబడిదారీ వ్యవస్థ తన పుండుకు తానే కట్టుకున్న గుడ్డపీలిక అని ఒక్క వాక్యంతో దీన్ని కొట్టిపారేయవచ్చు. మొదట నేనూ అలాగే రాసుకుని, తర్వాత ఆ వాక్యం కొట్టేశాను. బిచ్చగాని ముందు తల తిప్పుకుని పోయే మనిషి, పత్రిక కొనేటప్పుడు ఆగాలి, చిల్లర చూసుకోవాలి, రెండు మాటలు మాట్లాడాలి. ఆ రెండు మాటలు చిన్నవి కావు. అయినా నా అభ్యంతరం నాకుంది. ఆ పత్రికను ఎక్కువగా రాసేది వృత్తి పాత్రికేయులు. అట్టమీద తరచు పేరున్నవాళ్ల ముఖాలు. అమ్మేవాని బతుక్కు లోపల కొంత చోటు. అద్దెలు ఎందుకు పెరిగాయో, ఇల్లు ఎందుకు పోయిందో చెప్పే హక్కు అతనికి ఎంతవరకు దక్కింది?

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1989లోనే పుట్టిన 'స్ట్రీట్ షీట్' దారి వేరు. ఇల్లులేనివారి హక్కుల కోసం పోరాడే సంఘం దాన్ని నడుపుతుంది. అమ్మేవారికి ప్రతులు ఉచితం. మన దేశంలో 2003లో ఢిల్లీ వీధిపిల్లల సంఘం 'బఢ్తే కదమ్' హిందీలో 'బాలక్‌నామా' తెచ్చింది. రాయడం రాని పిల్లలు చెబుతారు, వచ్చినవాళ్లు రాస్తారు. చెప్పేవారిని 'బాతూనీ రిపోర్టర్' అంటారు. అక్షరం రాకపోవడం అక్కడ విలేకరి కావడానికి అడ్డుకాలేదు. దీన్ని సేవాకార్యక్రమంగా చూసి మెచ్చుకుని ఊరుకుంటే పొరపాటు. ఇది రచనకు సంబంధించిన సమస్య. నోటిమాట కాగితమెక్కేటప్పుడు ఎంత నిలుస్తుంది, ఎంత రాలిపోతుంది?

తెలుగులో దీనికి దగ్గరగా వచ్చింది, 2001లో చిత్తూరు జిల్లాలో పేద గ్రామీణ స్త్రీలు తెచ్చిన 'నవోదయం'. వాళ్లకు ఇళ్లున్నాయి, వెనుక ప్రభుత్వ పథకం అండ ఉంది. కనుక పోలిక పూర్తిగా కుదరదు. కానీ పొదుపు సంఘాల స్త్రీలే అందులో విలేకరులయ్యారు.

2011 జనగణన దేశంలో ఇల్లులేనివారిని 17 లక్షల 73 వేలుగా లెక్కించింది. పేవ్‌మెంట్లు, వంతెనల కింద, మెట్ల కింద, పెద్ద పైపుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవారు ఆ లెక్కలోకి వస్తారు. మా ముస్తాబాద్ వైపు నుంచి భివండి పోయి సాంచెల పక్కన పడుకునేవాడు ఆ లెక్కలోకి వస్తాడా? ఇక్కడ అతనికి తాళం వేసిన ఇల్లుంది. అతని మీద రాయదలచినవారు ముందు ఈ చిక్కుముడి విప్పాలి.

ఇక మన పత్రికలు. మనమే రాసి, మనమే చందాకట్టి, మనకే పోస్టులో పంపుకుంటున్నాం. ఒకసారి బస్టాండు అరుగుమీద రాత్రులు గడిపే ఒక పెద్దమనిషికి నా సంచిలోని సంచిక చూపించాను.

"ఇండ్ల మా ముచ్చట ఉన్నదా?" అని అడిగాడు.

"ఉందే, ఒక కథ" అని కొంత చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"రాసినాయిన ఎన్నడన్న ఈడ పండిండా?" అన్నాడు.