సెల్లుకి తాళం

"అక్కయ్యగారూ, నా సెల్లుకి తాళం పెట్టడం నేర్పిస్తారా?" అనడిగింది పక్కింటావిడ. ఆవిడ ఫోను ఇంటిల్లిపాదీ తిరగేస్తారు. ఆయన ఫోను మాత్రం తలగడ కిందే!

2025 జూలై 14న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. భార్యాభర్తల్లో ఒకరు రెండోవారికి తెలియకుండా రికార్డు చేసిన ఫోను మాటల్ని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చునట. ఆ కేసులో రికార్డు చేసింది భర్త. అది భార్య ఏకాంతానికి భంగమన్న పంజాబ్, హర్యానా హైకోర్టు 2021 నాటి తీర్పుని కొట్టేశారు. భార్య ఫోను మాటల్ని భర్త చాటుగా రికార్డు చేయడం చట్టవిరుద్ధమని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లోనే చెప్పింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నాలుగు గోడల మధ్య మాటలు పడే ఇల్లాలికి సాక్షులెక్కణ్ణుంచి వస్తారు? ఆవిడకి ఆ రికార్డే దిక్కు కావచ్చు. అందుకే తీర్పుని బొత్తిగా కాదనలేను.

నాకు పేచీ ఇంకోచోట. ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే చెడిందన్నమాట అంది కోర్టు. మన ఇళ్ళల్లో నిఘా కాపురం చెడ్డాకే మొదలవుతుందా? "ఎవరది ఫోన్లో? ఏదీ, ఇలా ఇవ్వు" అంటూ కాపురానికొచ్చిన మర్నాడే మొదలవుతుంది. దానికి మనం ప్రేమనీ, పెద్దరికమనీ పేర్లు పెట్టుకున్నాం. చట్టం ఇద్దరికీ ఒకే హక్కు ఇచ్చింది, నిజమే. కాని ఒకరి ఫోను తాళంలోనూ, ఒకరిది పదిమంది చేతుల్లోనూ ఉన్నప్పుడు ఆ హక్కు ఎవరికి ఎక్కువ పనికొస్తుందో చెప్పాలా?

పక్కింటావిడకి తాళం పెట్టడం నేర్పాను. వారం తిరక్కుండా ఆ నంబరు ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

"అడిగారండీ! చెప్పకపోతే ఏం బావుంటుంది?" అంది.

"మరి ఆయన నంబరు?"

"అమ్మో! అదెలా అడుగుతానూ?"