పంపకములో మరువబడిన వృద్ధురాండ్రు

ఈ సంచిక చదువరులలో క్రైస్తవులు కొందరే యుందురు. అయినను వార్ధక్యము మతమును విచారించి వచ్చునది కాదు గనుక, మా వేదములో వృద్ధులను గూర్చి యున్న సంగతులను, వానిని మా సంఘములు చదువుచున్న తీరును కొంచెము విమర్శించుటకు సాహసించితిని. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషను చదివి గుమాస్తాగిరి చేసి విరమించినవాడను.

వృద్ధాప్యమును గూర్చి ఉపన్యసింపవలసినప్పుడు మా బోధకులు సామాన్యముగా ప్రసంగి గ్రంథము 12వ అధ్యాయమును విప్పుదురు. తిరుగలి త్రిప్పువారు తగ్గుట యనగా పండ్లు రాలుట యనియు, కిటికీలలో చీకటి క్రమ్ముట యనగా చూపు మందగించుట యనియు, బాదముచెట్టు పూచుట యనగా తల నెరయుట యనియు విడమరచి చెప్పుదురు. కవిత్వముగా దానికి సాటి యరుదు. కాని ఆ కవి మాటలాడునది పడుచువానితో. ఆ దినములు రాకమునుపే సృష్టికర్తను తలచుకొమ్మని వానికి హెచ్చరిక. దానిని మొదటి బల్లపై కూర్చున్న అవ్వకు వినిపించుటలో ఔచిత్యమేమి? ఆమె పండ్లు ఊడిన సంగతి ఆమె యెరుగదా? యువకులకు భయము చెప్పుటకై ముసలివారిని ఉదాహరణముగా నిలువబెట్టుట నాకు రుచింపదు.

నా మట్టునకు రెండవ సమూయేలు గ్రంథము 19వ అధ్యాయములోని బర్జిల్లయి మేలు. అబ్షాలోము తిరుగుబాటు కాలమున దావీదును పోషించినవాడు, ఎనుబది యేండ్లవాడు. యెరూషలేమునకు రమ్ము, నిన్ను నేను పోషించెదనని రాజు పిలిచెను. అన్నపు రుచి తెలియని నాకు, పాటగాండ్ర పాట వినబడని నాకు రాజనగరుతో పనియేమి, నా తలిదండ్రుల సమాధి యొద్ద నా ఊరనే చావనిమ్మని యాతడు వేడుకొని, తనకు మారుగా కింహామును పంపెను. రాజు బలవంతపెట్టలేదు, ముద్దుపెట్టుకొని దీవించి పంపివేసెను. 2001లో మా కోలారు గనులు మూతపడిన పిమ్మట పిల్లలు బెంగుళూరు రైలు పట్టిరి. కొందరు అచ్చటనే కాపురములు పెట్టి తలిదండ్రులను రమ్మందురు. రామన్నవారిది మొండితనమని పేరు. బర్జిల్లయిని మొండివాడని యే బోధకుడును అనగా నేను వినలేదు.

తలిదండ్రుల పోషణకు 2007లో మన దేశమున చట్టమే వచ్చినది. దేవునికి మ్రొక్కుబడి చేసితినను నెపముతో తలిదండ్రులకు పెట్టవలసినది ఎగవేయువారిని యేసు మార్కు సువార్త 7వ అధ్యాయములో గద్దించెను గనుక ఈ రోగము క్రొత్తది కాదు. తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో అరువది యేండ్లు నిండిన విధవలనే పట్టీలో చేర్చుమనియు, వారు బిడ్డలను పెంచినవారును అతిథులను ఆదరించినవారునై యుండవలెననియు నిబంధనలు గలవు. అది సహాయపు పట్టీ కాదు, సంఘసేవకురాండ్ర పట్టీ యని కొందరు వ్యాఖ్యాతలు సమర్థింతురు. ఏదైనను ముప్పదియైదేండ్లు హాజరుపట్టీలును జీతపుపట్టీలును వ్రాసిన నాకు ఆ వచనము చదివినప్పుడెల్ల, పట్టీకెక్కని ముసలమ్మ యేమయ్యెనో యను తలంపు కలుగును.

అట్టివారి గోడు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో వినబడును. యెరూషలేములో హెబ్రీ యూదులు సొంతయింటివారు. గ్రీకుభాష మాటలాడు యూదులు పరదేశములనుండి వచ్చిచేరినవారు. ప్రతిదినపు పంపకములో తమ విధవలు మరువబడుచున్నారని వీరు సణిగిరి. తుదిదినములు పవిత్రనగరమున గడుపుటకై వచ్చిన వృద్ధులే వీరిలో పెక్కురని కొందరు ఊహింతురు. మా బోధకులకు ఈ ఘట్టము పరిచారకుల నియామకమునకు పీఠిక మాత్రమే; సణుగుడు దోషమని కూడ కొందరు చెప్పుదురు. మూలములో అపొస్తలులు ఎవరిని మందలించిరి? ఒక్కరిని గాదు. ఏడుగురిని ఏర్పరచుకొనుడనిరి. స్తెఫను మొదలు నీకొలాసు వరకు ఏడు పేర్లును గ్రీకు పేర్లే. హెబ్రీయులలోను ఫిలిప్పు వంటి పేర్లు లేకపోలేదు గనుక ఇది గట్టి రుజువు కాదు. అయినను మరువబడినవారి భాష వచ్చినవారి చేతికే పంపకమప్పగించిరని చదువుటయే నాకు సమంజసముగ తోచుచున్నది. పరభాషల నడుమ కాపురముండు మనకు ఈ అధ్యాయము మరియొకరి కథ కాదు.

మా మేనత్త యేబదియేండ్లు అరవవారి నడుమ బ్రదికి, సంతలో బేరములన్నియు అరవముననే చేసినది. ఎనుబదిమూడవ యేట మతిమరపు వచ్చి ఆ భాష పూర్తిగా జారిపోయి తెలుగొక్కటే మిగిలెను. సంఘపు అయ్యగారు మంచివారు. వారము తప్పక వచ్చి అరవమున ప్రార్థించి పోవుచుండిరి. ఆమె గోడవంక చూచుచుండెడిది. ఆమెకు తెలియుట లేదని ఆయన జాలిపడుచుండెను. తెలియనిది ప్రార్థన కాదు, భాష యని నేను చెప్పినప్పుడు ఆయన చాలసేపు మాటలాడలేదు.

మరుసటి వారము డెబ్బదియొకటవ కీర్తనను తెలుగున, అరవ లిపిలో వ్రాసికొని వచ్చెను. ముదిమిలో తన్ను విడువవద్దనియు, రాబోవు తరమునకు దేవుని బలమును తెలుపువరకు తన్ను బ్రదుకనిమ్మనియు ఒక ముసలివాడు వేడుకొను కీర్తన అది. ఆ లిపిలో ఒత్తులు లేవు గదా, ఆయన 'విరుత్తాప్యము' అని చదివెను. మేనత్త గోడవంకనుండి తల త్రిప్పి, "విరుత్తాప్యము కాదు అయ్యగారూ, వృద్ధాప్యము. మరల చదవండి" అనెను. ఆయన మరల చదివెను.