శాలువా ఫోటోలో కనబడని పని

హైదరాబాద్‌లో మధురానగర్ మెట్రో స్టేషన్‌లో దిగి యూసుఫ్‌గూడ వైపు నడిస్తే కాసేపట్లో కృష్ణానగర్ వస్తుంది. సినిమా వాళ్లంటే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుర్తొస్తాయి గానీ, సినిమాను భుజాన మోసేవాళ్లు చాలామంది ఉండేది ఈ చుట్టుపక్కల అద్దె గదుల్లోనే. తెల్లవారకముందే యూనిట్ వ్యాన్లు ఇక్కడి నుంచి కదులుతాయి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్లు, కాస్ట్యూమ్ అసిస్టెంట్లు, వంటవాళ్లు వాటిలో ఎక్కుతారు. సినిమా విడుదలకు ముందు పత్రికలకొచ్చే వర్కింగ్ స్టిల్స్‌లో మాత్రం వీళ్లుండరు. మానిటర్ ముందు దర్శకుడు, పక్కన హీరో ఉంటారు. వెనకాల స్టాండు పట్టుకున్న చెయ్యి ఒకటి కనబడితే, పేజీ పెట్టేటప్పుడు అదీ కత్తిరింపులో పోతుంది.

ఒక మనిషిని గౌరవించాలంటే మనకు తెలిసిన పద్ధతి సన్మానం. శాలువా కప్పుతాం, మెమెంటో చేతికిస్తాం, నలుగురు పెద్దల మధ్య నిలబెట్టి ఫోటో తీస్తాం. ముప్పై ఏళ్లు ఆయన చేసిన పని ఆ ఫోటోలో ఎక్కడా ఉండదు. లైట్‌మన్‌కు ఆపాటి సన్మానమూ అరుదే. నంది అవార్డుల్లో మేకప్‌కు, కాస్ట్యూమ్స్‌కు, డబ్బింగ్‌కు కూడా విభాగాలుండేవి. లైట్‌మన్‌కు లేదు. అలాంటివాళ్ల కోసం ఫోటో కథనం అనే ప్రక్రియ ఉంది. పది పన్నెండు ఫోటోలు, వాటికో వరస, ఒక్కోదాని కింద నాలుగు వాక్యాలు. పొగడ్త అక్కర్లేదు. పని కళ్లకు కడితే చాలు, గౌరవం దానంతటదే వస్తుంది.

ఈ ప్రక్రియకు ఒక రూపం ఇచ్చినవాళ్లలో అమెరికన్ ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్‌ది పెద్ద పేరు. 1948లో కొలరాడోలోని క్రెమ్లింగ్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ ఎర్నెస్ట్ సెరియానీ వెంట 23 రోజులు తిరిగి ‘లైఫ్’ పత్రికకు కథనం ఇచ్చాడు. మొదట్లో కెమెరాలో ఫిల్మ్ వేయకుండానే ఫోటోలు తీస్తున్నట్టు తిరిగాడంటారు, డాక్టరు తన ఉనికికి అలవాటు పడాలని. మూడేళ్ల తర్వాత, 1951లో, సౌత్ కరొలైనాలో పేద నల్లజాతి కుటుంబాలకు పురుళ్లు పోస్తూ వైద్యం చేసే నర్సు మాడ్ కాలెన్ మీద అదే పత్రికలో మరో కథనం వేశాడు. ఆమె సొంత ఇంట్లోనే క్లినిక్ నడిపేది. ఆ ఫోటోలు చూసి పాఠకులు పంపిన డబ్బు 20 వేల డాలర్లు దాటింది. దాంతో 1953లో ఆమెకు కొత్త క్లినిక్ కట్టారు. మంచి ఫోటో కథనం చూసినవాళ్లను ఊరుకోనివ్వదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన దగ్గర ఈ పని చేసినవారిలో పాత్రికేయుడు పి. సాయినాథ్‌ను ముందుగా తలుచుకోవాలి. 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో పల్లె ఆడవాళ్ల పనిని ఆయన ఫోటోలు తీశారు. ఆ ఫోటోల ప్రదర్శనను గ్యాలరీలకే వదిలేయకుండా బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, కూలీల సభల్లో పెట్టారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఇటుక బట్టీ ఫోటో ఒకటుంది. ఒడిశా నుంచి వలస వచ్చిన కూలీలు ఏటవాలు దారిలో వరసగా ఎక్కుతుంటారు. బయట 49 డిగ్రీల ఎండ అని కింద రాసి ఉంటుంది. ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే బట్టీ దగ్గర వేడి అంతకంటే ఎక్కువ. వేడిని ఏ లెన్సూ చూపించలేదు. ఆ అంకె చదివాక అదే ఫోటో మళ్లీ చూస్తే నోట మాట రాదు. కింద రాసే వాక్యం ఎందుకో అర్థమయ్యేది అక్కడే. ఫోటోలో కనిపిస్తున్నదాన్నే మళ్లీ రాస్తే దండగ. కనిపించని అంకె, ఊరు, ఏడాది రాయాలి.

ఇక కృష్ణానగర్‌కు వద్దాం. మీరు ఒక లైట్‌మన్ మీద కథనం చేయాలనుకున్నారనుకుందాం. మొదటి రోజుల్లో కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. ఆయనతో టీ తాగండి, ఊరేదో అడగండి, ఫోటోలు ఎక్కడ వేస్తారో విప్పి చెప్పండి. ఒప్పుకుంటేనే ముందుకెళ్లాలి. ఇంట్లోవాళ్లను తీయాలంటే వాళ్లనూ విడిగా అడగాలి. షూటింగ్ స్పాట్‌లో లీకుల భయం ఉంటుంది కాబట్టి ప్రొడక్షన్ మేనేజర్ అనుమతి తప్పనిసరి. సెట్టునూ హీరోనూ తీయనని ముందే చెప్పేయండి. మన కథకు వాళ్లతో పనే లేదు.

టేక్ నడుస్తున్నప్పుడు షట్టర్ చప్పుడు కూడా చేయకూడదు. షాట్‌కు షాట్‌కు మధ్య లైటింగ్ మార్చే సమయమే మీది. లైటు వైపు కెమెరా తిప్పితే మీటరు మోసపోతుంది, పక్కన నిలబడ్డ మనిషి నల్లటి నీడగా మిగిలిపోతాడు. ఫ్లాష్ కొట్టకండి. ఎదురుగా థర్మాకోల్ షీటు నిలబెట్టేదాకా ఆగండి. దానికి తగిలి తిరిగొచ్చే వెలుగు ఆయన ముఖం మీద పడుతుంది. ఆ ముఖానికే ఎక్స్‌పోజర్ పెట్టుకోండి, వెనకాల లైటు తెల్లగా మాడిపోయినా పర్వాలేదు. 35 లేదా 50 ఎం.ఎం. లెన్సు చాలు. అంతకంటే పెద్ద లెన్సుతో దూరంగా నిలబడి తీస్తే మనిషి దగ్గరకు మీరు వెళ్లలేదని ఫోటోయే చెప్పేస్తుంది.

చేతుల్ని వదలొద్దు. పెద్ద లైటులో కొత్త బల్బు వేసేటప్పుడు అనుభవజ్ఞుడు దాన్ని వట్టి వేళ్లతో ముట్టుకోడు. వేళ్ల జిడ్డు అంటితే వెలిగాక ఆ చోటే వేడెక్కి బల్బు పగలొచ్చు. గుడ్డతోనో గ్లౌజుతోనో పట్టి, తిప్పి చూసి, సున్నితంగా కూర్చోబెడతాడు. ఆ రెండు నిమిషాల్లో కథనానికి కావలసిన గొప్ప ఫోటో ఉంది. ఇరుకు గదినీ, చిరిగిన చెప్పునూ తీసి జాలి పుట్టించడం చాలా తేలిక. నాకు ఆ తరహా బొత్తిగా నచ్చదు. ఆయన అద్దె గదిలో ఉంటున్నందుకు కాదు కదా మనం గుర్తించాలనుకున్నది, ఆ పని అంత బాగా చేతనైనందుకు!

వందల ఫోటోల్లోంచి పన్నెండు ఏరడం అన్నిటికంటే కష్టం. చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరిచి చూడండి. ఊరూ వీధీ చెప్పేది ఒకటి, పని మొత్తం చూపేది ఒకటి, చేతులవి, తోటివాళ్లతో ఉన్నది, ఒంటరిగా కూర్చున్నది. ఒకే సంగతి చెప్పే రెండు ఫోటోలుంటే ఎంత బాగున్నా ఒకటి తీసేయాల్సిందే. ఆ తర్వాత ఆయన్ను పిలిచి చూపించండి. ఆయన వద్దన్న ఫోటో వేయకండి. పనికి సంబంధించిన తప్పు రాస్తే పట్టుకునేది కూడా ఆయనే.

మీ పేటలో అలాంటి మనిషి లైట్‌మనే కానక్కర్లేదు. తెల్లవారుజామున వీధులూడ్చే జీహెచ్‌ఎంసీ కార్మికురాలు కావచ్చు, కుట్టుమిషన్ ముందు వయసు గడిపిన దర్జీ కావచ్చు. సినిమావాళ్ల మీద చేయాలనుకుంటే మాత్రం నెలలో రెండో ఆదివారం చూసుకోండి. ఆ రోజు షూటింగులకు సెలవు, ఇంటి దగ్గర దొరుకుతారు. కథనం పూర్తయ్యాక మొదటి ప్రింట్ల కట్ట ఆ ఇంటికే ఇచ్చి రండి. ప్రదర్శన పెట్టే వీలుంటే ముందు కృష్ణానగర్‌లోనే, ఆయనతో పనిచేసేవాళ్లు రోజూ నడిచే దారిలోనే పెట్టండి.